పెట్రోలు మూతకు బొట్టు

మా కారు దారిలో ఆగిపోవడానికి కారణం నేనేనని మా ఇంట్లో దాదాపు రెండేళ్లు నమ్మారు. నాన్న నమ్మినా పైకి అనేవారు కాదు. మామ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, పైకే అనేది. “ఈ పిల్ల ఎక్కిందంటే బండి బిక్కవోలు చేరదురా” అని వీధి గుమ్మంలో నిలబడి పక్కింటికి కూడా వినపడేలా అనేది. నేను ఎక్కేదాన్ని. బండి బిక్కవోలు చేరేది కాదు. ఇక నేనేం వాదించను?

మాది కడియంలో చిన్న మొక్కల నర్సరీ. గులాబీ అంట్లు, క్రోటన్లు, వాటి మధ్య ఒక తాటాకుల షెడ్డు, ఆ షెడ్డులో కారు. తొంభైల చివర్లో కొత్తరకం చిన్న కార్లు రోడ్ల మీద చప్పుడు లేకుండా తిరుగుతుంటే, నాన్న ఏరికోరి ఒక రైసుమిల్లు యజమాని దగ్గర ఇంచుమించు తన ఈడు కారును కొనుక్కొచ్చారు. గుండ్రటి దీపాలు, సోఫాల్లాంటి సీట్లు, ఒకప్పుడు మీగడ రంగు. డిక్కీలో ఎప్పుడూ ఎర్రమట్టి, ఎరువు వాసన. “ఇనుమంటే ఇదీ. ఇప్పుడొచ్చేవన్నీ అగ్గిపెట్టెలు” అంటూ నాన్న దాని బానెట్ మీద అరచేత్తో చరిచేవారు, ఎద్దు వీపు చరిచినట్టు. కొన్న కొత్తలో అది బాగానే నడిచింది. ఆ మాట న్యాయంగా చెప్పాలి.

గొడవంతా పెట్రోలు మూత పోవడంతో మొదలైంది. బంకులో పెట్రోలు పోసిన మనిషి మూత తీసి కారు పైకప్పు మీద పెట్టాడు. నాన్న అతనితో కొబ్బరి మొక్కల గురించి మాట్లాడి మాట్లాడి, మూత సంగతి మరిచిపోయి బయలుదేరారు. అది దారిలో ఎక్కడో కాలువ పాలైంది. ఆ తరవాత కొన్నాళ్లు ఆ రంధ్రంలో ఒక గుడ్డ కుక్కి నడిపారు. ఆ గుడ్డతో తిరిగినన్నాళ్లూ కారు ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ చాలా ఆలస్యంగా తట్టింది.

గుడ్డతో తిరగడం పరువు తక్కువని రాజమండ్రిలో పాత సామాన్ల కొట్టు వెతికి నాన్న ఒక మూత తెచ్చారు. తళతళలాడే మూత. నడిమధ్యలో చిన్న గుంట, ఆ గుంట అడుగున సూదిమొనంత చిల్లు. దాన్ని చూడగానే మామ్మ ముఖం వెలిగిపోయింది.

మామ్మకు బండి అంటే ఇంట్లో ఒక మనిషి. శుక్రవారం గుమ్మాలకు పసుపు రాసేటప్పుడు ఆ చేత్తోనే వెళ్లి బండికీ రాసి వచ్చేది. ముందు దీపాలకు, తరవాత చక్రాలకు, స్టీరింగుకు, ఆఖరున పెట్రోలు మూతకు. “తిండి పోసేది ఇక్కడే కదే. నోటికి బొట్టు లేకపోతే ఎలా?” అనేది. పాత మూత నున్నగా ఉండి పెట్టిన బొట్టు పెట్టినట్టే జారిపోయేది. కొత్త మూత అలా కాదు.

“చూశావా, బొట్టుకని గుంట కూడా ఇచ్చాడు! ఎవడో ఆచారం తెలిసినవాడే చేశాడు దీన్ని” అంది.

పసుపు, గంధం కలిపి ముద్ద చేసి, ఉంగరపు వేలితో ఆ గుంటలోకి గట్టిగా నొక్కి, పైన కుంకుమ అద్దింది. కొలిచి చేసినట్టు ఆ గుంట మామ్మ వేలికి సరిగ్గా సరిపోయింది. మధ్యాహ్నానికి అది ఎండి సిమెంటు అయింది. వచ్చే శుక్రవారం దాని మీద ఇంకొకటి. దసరాకు మరీ దిట్టంగా.

అప్పటి నుంచి కారు ఆగడం మొదలుపెట్టింది.

ఆగడం కూడా ఒక వరసలో ఆగేది. కాలువ వెంట, బిక్కవోలు మీదుగా పోయే కాకినాడ రోడ్డు మీద సాఫీగా పోతూ పోతూ ఉండగా వెనక నుంచి “టంగ్” మని చప్పుడు వచ్చేది, ఎవరో రేకు డబ్బాను బొటనవేలితో నొక్కినట్టు. నాన్న అద్దంలో వెనక్కి చూసి “డిక్కీలో ఏం పెట్టారే?” అనేవారు. డిక్కీలో ఏమీ ఉండేది కాదు. ఇంకొంత దూరం పోయాక ఇంజను దగ్గేది, పొలమారినట్టు రెండుసార్లు గింజుకునేది, ఆ తరవాత ఊరుకునేది. నాన్న కారును గట్టు పక్కకు దొర్లించి, దిగి, బానెట్ ఎత్తి, అనుభవమున్న డాక్టరులా తల పంకించేవారు.

“పంపు వేడెక్కింది.”

దానికి మందు తడిగుడ్డ. సీటు కింద ఒక పాత తువ్వాలు ఇందుకోసమే ఉండేది. దాన్ని కాలువలో ముంచి, పిండి, పెట్రోలు పంపు మీద పరిచి, నాన్న చెట్టు నీడన నిలబడేవారు. చాలాసేపటికి వెళ్లి స్టార్టు చేస్తే కారు బయలుదేరేది. “చెప్పానా?” అనేవారు. ప్రతిసారీ గుడ్డ వేసేవారు, ప్రతిసారీ కదిలేది, ఇంతకంటే రుజువేం కావాలి? గుడ్డ వేయకుండా ఊరికే అంతసేపు నిలబడినా కదులుతుందేమో అని ఒకసారి అడగబోయాను. “నాన్నా, మరి గుడ్డ వేయకుండా” అనే దాకా వచ్చేసరికి ఆయన గుడ్డ పిండుకుంటూ నా ముందు నుంచి వెళ్లిపోయారు. నా మాటలు ఎప్పుడూ అంతే, అవి పూర్తయ్యేసరికి వినేవాళ్లు పనిలో పడిపోతారు. మిగతా సగం ఆ రాత్రి డైరీలో రాసుకునేదాన్ని. దానివల్ల కారుకు ఒరిగిందేమీ లేదు.

పాపం నా మీదికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. నాన్న మామూలుగా లారీ ఆఫీసుకో రాజమండ్రికో తిరిగేటప్పుడు ఏ రెండు లీటర్లో పోయించుకుని తిరిగేవారు. అప్పుడు కారు ఆగేది కాదు. ముఖ్యమైన ప్రయాణమైతే మాత్రం ట్యాంకు నింపించాల్సిందే. అది మామ్మ పెట్టిన నియమం. “మంచి పనికి వెళ్తుంటే నిండు బిందె ఎదురు రావాలంటారు. అలాంటిది మన బండి పొట్టే ఖాళీగా ఉంటే ఏం శకునంరా అది?” అనేది. నన్ను కారెక్కించేది అలాంటి ప్రయాణాలకే. అన్నవరం, పెళ్లిళ్లు, నా పరీక్షలు. అంచేత నేను ఎక్కినప్పుడల్లా ట్యాంకు నిండుగా ఉండేది, మూతకు పచ్చి బొట్టు ఉండేది, కారు ఆగేది. అమ్మ కూడా ఎక్కేది కానీ అమ్మ పాదం మంచిదని ఎప్పుడో తేలిపోయింది, ఆమె కాపురానికి వచ్చిన ఏడు వరి విరగపండిందట. ఇక మిగిలింది నేను.

మెకానిక్ మేస్త్రీ షెడ్డు ద్వారపూడిలో ఉండేది. నాన్నకు అతని మీద గురి. మొదటిసారి తీసుకెళ్లినప్పుడు మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఇంజను లోపలికి ఒక్కసారి తొంగి చూసి చెప్పేశాడు.

“ఆయ్, ఏం లేదండి బాబూ, పంపేనండి.”

“నేనూ అదే అన్నాను” అన్నారు నాన్న, మార్కులు వచ్చిన పిల్లాడిలా.

పంపు మార్చారు. కారు ఆగింది. మళ్లీ వెళితే “అయితే కార్బొరేటరేనండి” అన్నాడు. అది విప్పి కడిగారు. ఆగింది. మూడోసారి గొట్టాలన్నీ నోటితో ఊది చూశాడు. షెడ్డులో ఒక సీసాలో పెట్రోలు పోసి, దాన్ని పైన కట్టి, సన్నటి గొట్టంతో ఇంజనుకు తగిలించి నడిపేవాడు. అలా నడిపితే కారు పాట పాడినట్టు నడిచేది. “చూడండి, ఇక్కడ ఏ జబ్బూ లేదు” అనేవాడు. సీసాలోంచి కాకుండా ట్యాంకులోంచి తాగించి చూడవచ్చు కదా అని నాకు అనిపించేది. నేను కారులో కూర్చుని ఒళ్లో పుస్తకం పెట్టుకుని ఆ మాట కిటికీ అద్దానికి చెప్పుకునేదాన్ని.

“పాత బండి కదండీ. దానికీ ఓ మనసుంటాదండి” అని ఆఖరికి మేస్త్రీ వైద్యం చాలించాడు.

“మనసు కాదు, మనిషి. ఎక్కే మనిషిని బట్టి ఉంటుంది” అని ఇంటి దగ్గర మామ్మ దాన్ని సరిదిద్దింది.

ఇదంతా నవ్వుకుని ఊరుకునే సంగతే, కాకినాడ ఉద్యోగం లేకపోతే.

డిగ్రీ తరవాత నేను లైబ్రరీ సైన్సు చదివాను. కాకినాడలో ఒక ప్రైవేటు కాలేజీలో లైబ్రరీ అసిస్టెంటు కావాలని తెలిసి దరఖాస్తు పెట్టాను. పదింటికల్లా వచ్చి కనపడమన్నారు. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ‘నిశ్శబ్దం’ అని గోడ మీద రాసి పెట్టి, దాన్ని అందరి చేతా పాటింపజేసే చోటు ఈ లోకంలో నాకు తెలిసి అదొక్కటే. మా ఇంట్లో నేను చదువుతుంటే వచ్చి “ఖాళీగా కూర్చున్నావా?” అని అడుగుతారు. అక్కడ అలా అడగరు. జీతం ఇచ్చి మరీ కూర్చోబెడతారు.

“బస్సుకు వెళ్తాను నాన్నా” అన్నాను. కడియం మీదుగా బస్సులు బోలెడు.

“షెడ్డులో కారు పెట్టుకుని బస్సేంటి? కారు పాడైందనుకోరూ జనం?”

పాడైంది కదా నాన్నా అని పైకి అనలేదు.

ట్యాంకు నింపించారు. మామ్మ బొట్టు పెట్టింది. అనపర్తి దాటాక వెనక టంగ్ మంది. బిక్కవోలు ఇంకా ఉందనగా ఆగింది. నాన్న తువ్వాలు తీసుకుని కాలువలోకి దిగారు. ఒకటి తరవాత ఒకటి కాకినాడ బస్సులు మా పక్కనుంచే హారన్ కొట్టుకుంటూ పోయాయి. ఒక బస్సులో కిటికీ పక్కన కూర్చున్నావిడ నా వైపు జాలిగా చూసింది. ఆ జాలి ఇప్పటికీ గుర్తుంది. అక్కడ కదిలిన కారు సామర్లకోట దగ్గర మళ్లీ ఆగింది. కాలేజీకి చేరేసరికి గుమాస్తా టిఫిను డబ్బా మూత పెడుతూ “అయిపోయిందమ్మా, వేరే అమ్మాయిని తీసేసుకున్నారు” అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారు ఎక్కడా ఆగలేదు. ఒక్క చోట కూడా. నాకు దాని మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

“ఇంటికైతే వస్తుంది, చూశావా? దానికి తెలుసు” అంది మామ్మ.

ఆ దసరాకు గారెలు వండుతుంటే వంటింట్లో కొత్త నూనె డబ్బా తెరవమని నాకు చెప్పారు. చదరపు రేకు డబ్బా. మేకు పెట్టి సుత్తితో ఒక మూల బొక్క కొట్టి గిన్నెలోకి వంచాను. నూనె కొంచెం పడింది, ఆగింది, గుటకేసింది, మళ్లీ చుక్క పడింది. ఇంకా వంచాను. డబ్బా పక్క రేకు లోపలికి నొక్కుకుని “టంగ్” మంది.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మామ్మ పొయ్యి దగ్గర నుంచి అరిచింది. “ఏం చదువే నీది! ఒక్క బొక్కతో నూనె వస్తుందా? రెండోది ఏదీ? దానికి ఊపిరాడొద్దూ? గాలి లోపలికి పోతేనే కదా నూనె బయటికొచ్చేది! చిన్నపిల్లలకు కూడా తెలుసు!”

రెండో మూల బొక్క కొట్టాను. నూనె జారుగా, చప్పుడు లేకుండా ధారగా పడింది. గిన్నె అక్కడే వదిలేసి షెడ్డులోకి పరిగెత్తాను. పెట్రోలు మూత మీద బొట్టు బొత్తాంలా లేచి ఉంది. పసుపు మీద గంధం, దాని మీద కుంకుమ, మళ్లీ పసుపు. చెట్టు మొదట్లో వలయాల్లా లెక్కపెట్టవచ్చు మామ్మ శుక్రవారాలను. దాని అడుగున ఎక్కడో ఉండాలి ఆ సూదిమొనంత చిల్లు. పెట్రోలు ముందుకు పోయేకొద్దీ వెనక ట్యాంకులోకి గాలి రావాలి, ఆ గాలి వచ్చే దారిని మా ఇంటి లక్ష్మీకళతో పూడ్చేశాం. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలి అసలే తక్కువ, అందుకే నింపిన రోజు తొందరగా ఊపిరాడక ఆగుతుంది, కాస్త ఖాళీ అయ్యాక తిరుగు ప్రయాణంలో ఆగదు. తడిగుడ్డ ఆరేలోగా ఏ సందులోంచో కాస్త గాలి జొరబడుతుంది, కారు కదులుతుంది, పేరు తువ్వాలుకు వస్తుంది.

అంతా తేటతెల్లంగా ఉంది. భోజనాల దగ్గర ధైర్యం చేసి చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా ఒక్క గుక్కలో, తల ఎత్తకుండా చెప్పాను.

నాన్న ముద్ద కలుపుతూ విన్నారు. “బొట్టు పెడితే బండి ఆగిపోతే దేశంలో ఒక్క లారీ కదలదమ్మలూ. లారీకి ఎన్ని బొట్లుంటాయో చూశావా?”

“బొట్టు వల్ల కాదు నాన్నా, ఆ చోటు...”

“మేస్త్రీ పంపన్నాడు.”

“పసుపు వల్ల చెడేదేంటే?” మామ్మ గారె చేతిలో పట్టుకుని నా వైపు తిరిగింది. “పండగపూట ఏం మాటలవి? వెళ్లి నోరు కడుక్కో.”

“నువ్వే కదా మామ్మా అన్నావు, డబ్బాకు ఊపిరాడాలని.”

“డబ్బా డబ్బానే, బండి బండే. బండికి ఇంత నోరుంది, దానికి ఊపిరాడకపోవడమేంటి?”

ఒకరోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వెళ్లి ఆ బొట్టును పిన్నీసుతో గీకేసి వచ్చాను. మర్నాడు పొద్దున్నే మామ్మ కేక. ఎవరో బండి బొట్టు చెరిపేశారు! కిట్టనివాళ్లెవరో నర్సరీలోకి వచ్చారు! నాన్న కూలీలందరినీ అడిగారు. నేను గులాబీ అంట్ల మధ్య తల దించుకుని నిలబడ్డాను. ఆ రోజు మామ్మ నిమ్మకాయంత పసుపు ముద్ద తెచ్చి మూత గుంటలో కూరి, చాలదన్నట్టు బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టింది. నేను చేసిన సాయం వల్ల కారుకు ముందున్న ఊపిరి కూడా పోయింది.

సంక్రాంతి వెళ్లాక నర్సరీ ఫోనుకు కబురు వచ్చింది. కాకినాడలో తీసుకున్న అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయిందట. ఇంకా కావాలనుకుంటే వచ్చి కనపడమన్నారు, పొద్దున్న పదింటికి. ఆలస్యమైతే రావద్దని కూడా చెప్పారు. మొదటిసారి ఎప్పుడొచ్చానో వాళ్లకు గుర్తున్నట్టుంది.

బస్సు అన్నాను. కారు అన్నారు. ఈసారి బాగా ముందే బయలుదేరదామన్నారు, గుడ్డ ఆరే వ్యవధి కూడా కలుపుకుని. నాన్నకు కారు ఆగదన్న ఆశ లేదు, ఆగితే ఆగనీ అన్న నిబ్బరం ఉంది. నాకు ఆ నిబ్బరాన్ని చూస్తే ఏడుపు వచ్చింది.

మామ్మ తెల్లవారుతూనే లేచి తలంటుకుని నా కోసం ప్రత్యేకంగా గంధం తీసింది. నేను గంజి పెట్టిన నేత చీర కట్టుకుని నిలబడి చూస్తుండగా పెట్రోలు మూతకు పచ్చి ముద్ద అద్దింది. “ఈసారి నీకే వస్తుందే” అని అదే చేత్తో నా గడ్డం పట్టుకుంది. నా గడ్డానికి పసుపు అంటింది. నన్ను తిట్టే మనిషి, నా కోసం కారును ఊపిరాడకుండా చేస్తోంది.

బంకులో నాన్న దిగి తానే మూత తీశారు. బొట్టు చెరగకుండా అంచులు పట్టుకుని, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి, ట్యాంకు నిండాక మళ్లీ అంత జాగ్రత్తగానే బిగించారు.

“నాన్నా, ఆ మూత...”

“ఏం మూత?”

“ఏం లేదు.”

కిటికీ వైపు తిరిగి కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. ద్వారపూడి వెళ్లిపోయింది. అనపర్తి వెళ్లిపోయింది. రెండు పక్కలా రెండో పంటకు, దాళ్వాకు, ఊడ్పులు, మోకాలి లోతు నీళ్లలో వంగిన మనుషులు. ఎవరి పని వాళ్లు సవ్యంగా చేసుకుంటున్నారు. వెనక టంగ్ మంది. నాన్న అద్దంలో చూశారు.

“డిక్కీలో ఏం లేదు నాన్నా” అన్నాను, ఆయన అడగకముందే.

ఇంజను దగ్గింది. గింజుకుంది. ఊరుకుంది. నాన్న గట్టు పక్కకు దొర్లించి సీటు కింద చెయ్యి పెట్టారు, తువ్వాలు కోసం.

ఆయన కాలువలోకి దిగి పైకి వచ్చేలోపు నేను కారు వెనక్కి వెళ్లి మూత మీద చెయ్యి వేసి నిలబడ్డాను. కాకినాడ బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. ఆ హారనే నాకు నోరు ఇచ్చిందేమో.

“నాన్నా, ముందు ఇటు రండి.”

“ఉండు, గుడ్డ వేసి వస్తా.”

“గుడ్డ వేయకండి! ఇటు రండి ముందు!”

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నాన్న నీళ్లు కారుతున్న తువ్వాలుతో అలాగే వచ్చారు. నేను మూత తిప్పాను. రాలేదు, లోపల్నుంచి ఎవరో పట్టుకు లాగుతున్నట్టు ఉంది. రెండు చేతులతో తిప్పాను. అప్పుడు సుయ్ మని గాలి లోపలికి దూసుకుపోయింది, చాలాసేపు, నీళ్లలో మునిగి లేచిన మనిషి ఊపిరి పీల్చినట్టు. కింద ట్యాంకు టంగ్ మని తన ఆకారానికి వచ్చింది.

తువ్వాలు నీళ్లు నాన్న చెప్పుల మీద పడుతున్నాయి. నేను చీర కుచ్చిళ్లకు పెట్టుకున్న పిన్నీసు తీసి బొట్టు మధ్యలో గుచ్చాను. పైన పచ్చి ముద్ద, అడుగున రాయి. పొరలు పొరలుగా పెళ్లలు ఊడాయి. చివరికి చిల్లులోంచి అవతల ఆకాశం కనిపించింది. మూతను నాన్న కంటి ముందు పెట్టాను. ఆయన ఒక కన్ను మూసి చూశారు.

“స్టార్టు చేయండి.”

“ఎందుకైనా మంచిది, ఒక్కసారి గుడ్డ...”

“వద్దు నాన్నా.”

ఇంజను కాసేపు గురగురలాడి అందుకుంది. తువ్వాలు వెనక సీటు కింద పడేసి నాన్న కారు తీశారు. బిక్కవోలు వచ్చింది, దాటింది. నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. సామర్లకోట వచ్చింది.

“ఇది మామ్మతో అనకు” అన్నారు నాన్న.

“సరే.”

కొంచెం దూరం పోయాక, “మేస్త్రీతో కూడా” అన్నారు.

కాలేజీకి టైముకంటే ముందే చేరాం. నా వేళ్లు పసుపు, చీర కుచ్చిళ్లు ఒక పక్కకు జారి ఉన్నాయి, ఒంటి నిండా పెట్రోలు వాసన. పెద్ద లైబ్రేరియన్ గారు కళ్లద్దాల మీంచి చూసి పుస్తకాల వర్గీకరణ గురించి అడిగారు, చెప్పాను. ఆఖరున “కడియం నుంచి రోజూ ఎలా వస్తావమ్మా? పోయినసారి ఆలస్యమైందట కదా” అన్నారు. తలుపు అవతల బెంచీ మీద నాన్న ఉన్నారు. అక్కడికి ప్రతి మాటా వినపడుతుందని నాకు తెలుసు.

“బస్సులో వస్తానండి” అన్నాను.

బెంచీ కిర్రుమంది. నాన్న దగ్గారు. అంతే.

సోమవారం నుంచి రమ్మన్నారు. ఇంటికి వచ్చి చెబితే మామ్మ కళ్లు ఒత్తుకుంది. “నా బొట్టు మహిమ! చూశావా, ఈసారి బండి ఆగనే లేదు” అంది. నేను నాన్న వైపు చూశాను. ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తున్నారు.

ఆ తరవాత ప్రతి శుక్రవారం మామ్మ బొట్టు పెట్టడం, సాయంత్రం బస్సు దిగి వచ్చి నేను పిన్నీసుతో గుచ్చడం. కారు ఆగడం మానేసింది. ఆ ఘనత నిమ్మకాయలకు వెళ్లింది. ఎన్నాళ్లని? మరుసటి దసరాకు మామ్మ నన్ను షెడ్డులో పట్టేసుకుంది.

“ఏంటే ఆ గీకుడు?”

ఇక దాచలేదు. మూత చేతికిచ్చి, వెలుగుకు పట్టి చిల్లు చూపించాను. “ఇది బొట్టు గుంట కాదు మామ్మా. నూనె డబ్బాకు నువ్వు కొట్టించే రెండో బొక్క. పూడిస్తే ట్యాంకుకు ఊపిరాడదు.”

మామ్మ మూత తిప్పి చూసింది. చిల్లుకు పెదాలు ఆనించి ఊది, అవతల వేలు పెట్టి గాలి తగులుతుందో లేదో చూసుకుంది.

“అవునే, ఇది ఊపిరి బొక్క! ఈ మాట ముందే చెప్పొచ్చుగా? ఇన్నాళ్లూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకు కూర్చున్నావా?”

నేను నిలబడే ఉన్నాను. చెప్పడానికి నోరు తెరిచాను కానీ అప్పటికే ఆవిడ పసుపు గిన్నె తీసుకుని కారు చుట్టూ తిరుగుతోంది, ఇంకో మంచి చోటు కోసం.

దొరికింది. మర్నాడు పొద్దున్న నేను బస్సుకు బయలుదేరుతుంటే నాన్న డ్రైవరు వైపు తలుపు దగ్గర తాళంచెవి పట్టుకుని అవస్థ పడుతున్నారు. తాళం పెట్టే గుంట నిండా పసుపు, దాని మీద చక్కగా కుంకుమ.

“అమ్మలూ, ఆ పిన్నీసు ఇలా తే!”

రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. పిన్నీసు ఆయన చేతిలో పెట్టి, కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తాను.